పిలిచినా పలకని ఆట

ఆరేళ్ళ పిల్లాడితో దాగుడుమూతలు ఆడితే వాణ్ణి పట్టుకోవడం ఏమంత కష్టం కాదు. నవ్వు ఆపుకోలేక వాడే దొరికిపోతాడు. కానీ డాలస్‌లో మా అమ్మాయి ఇంట్లో మనవణ్ణి పట్టుకోలేకపోయాను. గదులన్నీ వెతికి, "ఓడిపోయాన్రా నాన్నా, బయటికి రా" అని పిలిచినా చప్పుడు లేదు. నాకు కంగారు పుట్టింది. చివరికి బట్టల అల్మారా తెరిస్తే, చొక్కాల వెనక ముడుచుకుని కూచున్నాడు.

"పిలిస్తే పలకవేంరా?"

"పలకకూడదు అమ్మమ్మా. ఎవరు పిలిచినా డోర్ తియ్యకూడదు. మా టీచర్ చెప్పింది."

అది బళ్ళో నేర్పిన డ్రిల్లట. తుపాకీతో ఎవరైనా వస్తే లైట్లార్పి, మూల నక్కి, నోరు మూసుకోవాలి. ముప్ఫై ఏళ్ళు చిన్నపిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని. పిల్లల నోరు తెరిపించడానికే నా ఉద్యోగమంతా సరిపోయింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక అల్లుడుగారు మెల్లగా చెప్పారు, పిస్తోలు కొందామనుకుంటున్నానని. 2023 మేలో వాళ్ళకి దగ్గర్లోనే, ఆలెన్‌లో ఒక మాల్ దగ్గర కాల్పులు జరిగి 8 మంది చనిపోయారు. వాళ్ళలో మన తెలుగమ్మాయి కూడా ఉంది. ఆ భయం ఆయన్ని వదల్లేదు.

"ఇక్కడ అందరి దగ్గరా ఉంది అత్తయ్యా. మనకే లేదు."

మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటాడు. ఆ ముందటేడు వాడు నన్ను టాస్మేనియా తీసుకెళ్ళి పోర్ట్ ఆర్థర్ చూపించాడు. 1996 ఏప్రిల్ 28న అక్కడ ఒకడు 35 మందిని కాల్చి చంపాడు. కాల్పులు జరిగిన కాఫీ హోటల్ గోడలు ఇప్పటికీ ఉన్నాయి. పక్కనే చిన్న నీటి కొలను. చాలాసేపు అక్కడే కూచున్నాం.

అప్పటి ప్రధాని జాన్ హోవర్డ్ గద్దెనెక్కి రెండు నెలలే. ఆయన్ని గెలిపించినవాళ్ళలో తుపాకులున్న రైతులు ఎందరో. అయినా 12 రోజుల్లోనే రాష్ట్రాలన్నిటినీ ఒప్పించాడు. ప్రభుత్వం డబ్బిచ్చి దాదాపు ఆరున్నర లక్షల తుపాకులు వెనక్కి తీసుకుంది. 'ఆత్మరక్షణ కోసం' అంటే ఇక లైసెన్సు ఇవ్వరు. కోపంగా ఉన్న జనం ముందుకి ఆయన చొక్కా లోపల బులెట్‌ప్రూఫ్ కవచం తొడుక్కుని వెళ్ళాడట. అంతటితో బాధ తీరిపోయిందని కాదు. 2025 డిసెంబరులో సిడ్నీ బోండై బీచ్ దగ్గర మళ్ళీ కాల్పులు జరిగాయి. అప్పుడూ ప్రభుత్వం చేసింది చట్టాన్ని ఇంకా బిగించడానికి పూనుకోవడమే.

ఇదంతా చెబితే అల్లుడుగారు, "స్విట్జర్లాండ్‌లో ఇళ్ళల్లో తుపాకులు లేవా?" అన్నారు. ఉన్నాయి. కానీ అమెరికాలో 100 మందికి 120 తుపాకులుంటే, అక్కడ 27 చిల్లర. పిస్తోలు కొనాలంటే పర్మిట్ కావాలి. జేబులో పెట్టుకుని తిరగాలంటే ఇంకో పర్మిట్, అది అంత తేలిగ్గా రాదు. టెక్సాస్‌లోనో, 2021 నుంచి 21 ఏళ్ళు దాటిన చాలామందికి ఆ లైసెన్సే అక్కర్లేదు.

జపాన్‌లో క్లాసులకి వెళ్ళాలి, పరీక్ష రాయాలి, డాక్టరు సర్టిఫికెట్ తేవాలి, పోలీసులు వచ్చి విచారిస్తారు. 2021లో ఆ దేశం మొత్తమ్మీద కాల్పుల్లో చనిపోయింది ఒక్కరు. అదే ఏడాది అమెరికాలో తుపాకీ వల్ల పోయిన ప్రాణాలు 48 వేల పైచిలుకు. కోపం, దిగులు, పిచ్చి అన్ని దేశాల్లోనూ ఉంటాయి. చేతికి తుపాకీ అందేలోపు ఎంత గడువు దొరుకుతుందన్నదే తేడా.

"మీరన్నది నిజమే అత్తయ్యా. కానీ అక్కడ ప్రభుత్వం అందరి దగ్గరా తీసుకుంది. ఇక్కడ 1791 నాటి రాజ్యాంగ హక్కు. నేనొక్కణ్ణే మానేస్తే ఏమవుతుంది?"

దానికి నా దగ్గర జవాబు లేదు. దేశం చెయ్యాల్సిన పని ఒక ఇంటి మీద పడితే ఇలాగే ఉంటుంది. ఒక్క మాట మాత్రం అన్నాను. "బాబూ, ఆ 48 వేలల్లో సగానికి పైగా తమని తాము కాల్చుకున్నవాళ్ళే. మీరు బయటివాడి కోసం కొంటారు. అది ఉండేది మాత్రం ఇంట్లో. రేపు పిల్లాడికి పదిహేనేళ్ళొస్తాయి. పరీక్ష పోతుంది, స్నేహితుడితో గొడవ పడతాడు. ఆ రాత్రి గురించి కూడా ఆలోచించండి."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "చూద్దాం అత్తయ్యా" అని లేచారు. కొన్నారో మానేశారో ఫోన్లో అడగాలంటే ఇప్పటికీ నోరు రావట్లేదు.

బయల్దేరే ముందు మనవడితో మళ్ళీ ఆడాను. ఈసారి కొత్త రూలు పెట్టాను: అమ్మమ్మ "ఓడిపోయా" అంటే బయటికి వచ్చెయ్యాలి.

వాడు కాసేపు ఆలోచించి, "ఇంట్లో మాత్రమేనా?" అన్నాడు.

"ఇంట్లో మాత్రమేరా నాన్నా."