సి బుక్కు

పాత కారు అమ్మిన కథ వ్రాయబోతున్నామంటే చదువరులలో కొందరు పెదవి విరుస్తారని మాకు తెలుసు. అది పదునాలుగేండ్ల నాటి మారుతి 800. కొన్నవారు ధనికులు కారు, అమ్మిన మేమూ కాము. అయినా ఒక్క కాగితం లేని కారణాన ఆ బేరం దాదాపు ఐదు నెలలు ముందుకు సాగలేదు. రేపో మాపో సొంత వాహనం కొనబోయే విద్యార్థి మిత్రులకు అక్కరకు వస్తుందన్న ఆశతో ఆ ముచ్చట విన్నవించుకుంటున్నాము.

మాది కాశీబుగ్గ. మేము ముగ్గురు అన్నదమ్ములం. మా తండ్రిగారు ఉద్దానం పల్లెలు తిరిగి జీడిపిక్కలు కొని పలాస కర్మాగారాలకు అమ్మే చిరు వ్యాపారి. 2010లో అప్పు చేసి ఆ కారు కొన్నారు. ముందు సీటులో ఆయన, వెనుక సీటులో నమూనా పిక్కల సంచులు. మాకు చోటు దొరకడం పండుగ నాడే. వాహనపు రిజిస్ట్రేషన్ ధ్రువపత్రాన్ని మా వైపు నేటికీ 'సి బుక్కు' అంటారు. అది పుస్తక రూపం వదిలి కార్డుగా మారి చాలా కాలమైనా పిలుపు మాత్రం మారలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా తీరాన్ని తాకింది. ఆ ఉదయం ఉద్దానంలో తరతరాల కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగిన దృశ్యం చూసినవారెవరూ మరువలేరు. మా ఇంటి పైకప్పు రేకులు లేచిపోయి, కాగితాలు దాచిన ట్రంకుపెట్టె వానలో తేలింది. దొరికినవాటిని దండేనికి క్లిప్పులు పెట్టి ఆరబెట్టాము. ఇంటి దస్తావేజు, బ్యాంకు పుస్తకాలు, మా మార్కుల జాబితాలు చిక్కాయి గాని సి బుక్కు కనబడలేదు. పెంకులు, రేకులు ఎత్తిపోసిన శిథిలాలతో పాటు ఎటు పోయిందో! తోటలు పోయినవారు వీధిలో కూర్చుని ఉండగా కాగితం పోయిందని విచారించడానికి మాకు సిగ్గనిపించింది. కారు అరలో దాని జిరాక్సు ప్రతి ఒకటి ఉండేది. దానితోనే ఐదేండ్లకు పైగా నెట్టుకొచ్చాము. ఎవరూ అడగలేదు, మేమూ తలపెట్టలేదు.

2024 సంక్రాంతి వెళ్ళిన తరువాత మా తండ్రిగారి ఎడమచేతి పట్టు సడలింది. ఇక కారు నడపవద్దని వైద్యులు చెప్పారు. అమ్మివేయాలని నిశ్చయించాము. మొదట వచ్చినవాడు ఒక బ్రోకరు. కాగితం లేదనగానే అతని ముఖం చిన్నబోతుందనుకున్నాము, వెలిగింది! "కాగితంతో నాకు పనేటి? ఇచ్ఛాపురం దాటించి బరంపురం అవతలికి పట్టుకుపోతాను" అని ముప్పది వేలు బల్ల మీద పెట్టాడు. వాహనాన్ని పొరుగు రాష్ట్రానికి మార్చాలంటే ఇక్కడి రవాణా శాఖ నుండి ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రం పొందాలని అతనికి తెలియక కాదు. మాలో ఒకరికి కళాశాల ఫీజు గడువు దగ్గర పడింది. ఆ నోట్ల వైపు మేము రెండుమార్లు చూశామని దాచకుండా ఒప్పుకుంటున్నాము. మా తండ్రిగారు మాత్రం టీ ఇప్పించి పంపివేశారు.

రెండవ వ్యక్తి విషయం అంత సులువుగా తేలలేదు. ఆయన వజ్రపుకొత్తూరు మండలంలోని ఒక పల్లె రైతు. ఏళ్ళ తరబడి మాకు పిక్కలు అమ్మినవాడు, మేము 'మావయ్యా' అని పిలిచే పెద్దమనిషి. ఆయన తమ్మునికి మూత్రపిండాలు చెడ్డాయి. ఉద్దానంలో ఇంతమందిని పట్టిన ఈ వ్యాధికి మూలకారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు నేటికీ తేల్చలేదు. పల్లెలలో మాత్రం అది లేని వీధి అరుదు. పలాసలో 2023 డిసెంబరు 14న ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రికి ఆ తమ్ముణ్ణి వారానికి మూడుమార్లు డయాలసిస్ నిమిత్తం తీసుకువెళ్ళాలి. "బావూ, ఆటో కుదుపులకి ఆడు తాళనేకపోతన్నాడు. అరవై ఐదు వేలు తెచ్చాను. బండి ఇచ్చీ, కాగితం సంగతి తరవాత సూసుకుందుము" అన్నాడాయన మా తండ్రిగారితో.

ఇటువంటి సందర్భంలో లోకమంతా చేసే పని ఒకటుంది. స్టాంపు కాగితం మీద అమ్మకం వ్రాసుకుని, ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి, తాళం చేతికిచ్చి నమస్కారం పెట్టడం. మేమూ అందుకు సిద్ధపడ్డాము. స్టాంపు కాగితం కూడా తెచ్చాము. ఆ సాయంత్రం మా బంధువులలో న్యాయవాది ఒకరు ఇంటికి వచ్చి దానిని చూసి ఆపారు.

ఆయన చెప్పినది ఇది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం దృష్టిలో యజమాని అంటే రిజిస్టరులో పేరున్నవాడే. అమ్మినవాడు రాష్ట్రంలోపల అయితే 14 దినాలలో ఫారం 29 మీద తెలియజేయాలి; కొన్నవాడు 30 దినాలలో తన పేరుకు మార్పించుకోవాలి. అది జరగనంతకాలం స్టాంపు కాగితం మన ఇద్దరి మధ్య మాట మాత్రమే, దారిన పోయే మూడవవాడికి దానితో నిమిత్తం లేదు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ఆయన వివరించారు. ఉత్తరాదిన ఒక కారు 2007లో అమ్ముడై తరువాత చేతులు మారుతూ పోయింది. పేరు మాత్రం మొదటివానిదే ఉండిపోయింది. 2009లో వెనుకకు నడుపుతుండగా అది తగిలి ఒక పిల్లవాడు మరణించాడు. పరిహారపు భారం రిజిస్టరులో పేరున్న ఆ మొదటివాని మీదనే పడింది.

"పేరు నాది, బండి ఇంకొకలిది అయితే నాకు నిద్దర పట్టదు" అన్నారు మా తండ్రిగారు. మేము అది ఆయన భయమనే అనుకున్నాము. కాని ఆయన ఆలోచన మరొక దారిలో ఉంది. "రేపు నాకేమైనా అయితే? ఆ కారు మీ ముగ్గురి వారసత్వం కింద చేరుతుంది. అరవై ఐదు వేలు పోసినవాడు ఒక్కొక్కడి సంతకం కోసం మీ వెంట తిరగాలి. తమ్ముణ్ణి ఆసుపత్రికి తిప్పుతాడా, మీ చుట్టూ తిరుగుతాడా?" అన్నారు. నీరసించిన చేతిని ఒడిలో పెట్టుకుని ఆయన ఆ మాట అంటుంటే మాకు జవాబు తోచలేదు.

నకలు పత్రం కోసం తిరుగుడు మొదలయింది. నిబంధన ప్రకారం ముందు, పత్రం పోయిన ప్రాంతపు పోలీసు ఠాణాలో ఫిర్యాదు. తరువాత రవాణా కార్యాలయంలో ఫారం 26. ఠాణాలో "తుపానులో పోతే ఇన్నాళ్ళు ఏం చేశారు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. రవాణా కార్యాలయంలో అసలు చిక్కు బయటపడింది. 2013లోనే తీరిపోయిన అప్పు తాలూకు తాకట్టు రిజిస్టరులో ఇంకా నిలిచి ఉంది. ఆఖరి వాయిదా కట్టిన నాడు మా తండ్రిగారు వీధిలో మిఠాయి పంచారు గాని, అప్పు ఇచ్చిన సంస్థ చేత ఫారం 35 మీద సంతకం చేయించి తాకట్టు కొట్టివేయించాలని ఎవరూ చెప్పలేదు, ఆయన అడగనూ లేదు. ఆ సంస్థ శాఖ మా ప్రాంతం నుండి ఎత్తివేసి చాలా కాలమైంది. విశాఖపట్టణం మూడుమార్లు వెళ్ళాము. పాత ఖాతాలు దొరకడం లేదన్నారు. రసీదులు చూపమన్నారు. తుపాను అనగానే తల పంకించారు. రసీదు మాత్రం కావాలన్నారు. చివరకు జీడి లెక్కల చిట్టాలో, 2013 నాటి పుటల మధ్య, ఆఖరి వాయిదా రసీదు దొరికింది. అన్నదమ్ములం ముగ్గురం దానిని దీపం కింద పెట్టి అంకెలు చదువుకున్నాము. పబ్లిక్ పరీక్ష ఫలితాలు కూడా అంత ఆత్రంగా చూసుకోలేదు.

ఈలోగా డయాలసిస్ ఆగదు గదా. కారు మాది, భీమా మా తండ్రిగారి పేర ఉంది, మాలో ఇద్దరికి లైసెన్సు కలదు. కనుక వంతులు వేసుకుని మేమే నడిపాము. మావయ్య పెట్రోలు పోయించేవాడు. అంతకు మించి ఇవ్వబోతే మా తండ్రిగారు పుచ్చుకోనివ్వలేదు. చీకటితో బయలుదేరి పల్లెకు పోయి, రోగిని వెనుక సీటులో పడుకోబెట్టి పలాస చేర్చి, నాలుగు గంటలు ఆసుపత్రి ఆవరణలో పుస్తకం పట్టుకుని కూర్చునేవారము. పోయేటప్పుడు ఆయన మాట్లాడడు. వచ్చేటప్పుడు కొంచెం తేరుకుని, తిత్లీలో పడిపోయిన తన తోట ఏ మలుపు దగ్గర మొదలై ఎక్కడ ముగిసేదో వేలితో చూపేవాడు. తరువాత నాటిన జీడిమొక్కలు కాపుకు వచ్చాయి. వాటిని చూసేందుకు ఒకనాడు కారు ఆపమన్నాడు. దిగలేదు. అద్దం దింపి చూసి, "పద బావూ" అన్నాడు. సొంత ఊళ్ళో పుట్టి పెరిగి కూడా ఆ దారులు మాకు అప్పుడే పరిచయమయ్యాయి.

జూన్ నెలలో నకలు పత్రం చేతికి వచ్చింది. తాకట్టు గడి ఖాళీగా ఉంది. ఫారం 29, ఫారం 30 మీద మా తండ్రిగారు సంతకాలు చేశారు. 2025లో రిజిస్ట్రేషన్ పదిహేనేండ్ల గడువు తీరుతుందని, బండిని తనిఖీకి చూపి పునరుద్ధరించుకోవాలని మావయ్యకు మూడుమార్లు చెప్పారు. ధర కూడా ఆ లెక్కన ఐదు వేలు తగ్గించారు. మేము గుటకలు మింగాము.

మరికొన్నాళ్ళకు మావయ్య తన పేరు అచ్చయిన కార్డు తెచ్చి చూపించాడు. మా తండ్రిగారు దానిని అటూ ఇటూ త్రిప్పి, "ఎక్కడ పెడతావు దీన్ని?" అని అడిగారు.

"పాలిథిన్ సంచీలో సుట్టి బియ్యం డబ్బాలో పెడతాను బావూ. మావోడి డయాలసిస్ కాగితాలన్నీ అందలోనే ఉన్నాయి" అన్నాడాయన.