పానగల్లులోని బసవన్న

నల్లగొండకు రెండుమూఁడు మైళ్ల దూరమునఁ బానగల్లను గ్రామము గలదు. ఇప్పుడది పట్టణముతోఁ గలిసిపోయినట్లే యున్నది గాని, 11, 12 శతాబ్దులలో నది కందూరు చోడుల రాజధానులలో నొకటి. కాశీ రామేశ్వర యాత్రలను గూర్చి వ్రాయువారు పెక్కుఱు గలరు. ఇంటికడ నున్న తీర్థమును జూడక దూరదేశములకుఁ బరుగెత్తుట మనకు వాడుకయే గదా! అందుచేత నే నీ చిన్నయూరిని గూర్చి వ్రాయఁబూనితిని. నా వ్రాఁత సగము గుళ్లను గూర్చియు, సగము ఎద్దులను, ఏనుఁగులను, కుక్కలను గూర్చియు నుండును. ఈ రెంటికిని సంబంధమేమని యడుగుదురేమో, చదువుచుండినఁ దెలియఁగలదు.

హైదరాబాదునుండి విజయవాడ బాటను వచ్చువారు నార్కట్‌పల్లికడ దక్షిణమునకు మఱలి నల్లగొండ చేరవలెను. దారిలో 1996లో స్థాపించిన రామోజీ ఫిల్ము సిటీ తగులును. అది కనఁబడినంతనే బస్సులోని పిల్లలందఱును కిటికీలకడఁ జేరి, ఏ సినిమా యెచ్చటఁ దీసిరో వాదులాడుకొనసాగిరి. అటుపిమ్మట నల్లగొండవఱకు బోడిగుట్టలు, బండరాళ్లు, బత్తాయి తోఁటలు తప్ప వేఱేమియు లేవు.

పానగల్లునఁ బ్రప్రథమమునఁ జూడవలసినది ఉదయసముద్రమను చెఱువు. ఇది చోడరాజులనాఁటిది. నేఁడు కృష్ణాజలములు కాలువవెంట వచ్చి యిందుఁ జేరి, త్రాగునీరై పల్లెలకుఁ బోవుచున్నవి. నల్లగొండసీమలో నూతినీటి ఫ్లోరైడుచేఁ బండ్లు గారపట్టి, మోఁకాళ్లు వంకరవోయిన బిడ్డలను జూచిన తల్లులకు ఈ చెఱువు విలువను నేను జెప్ప నక్కఱలేదు. గట్టుమీఁద నిలుచున్న నావలియొడ్డు దూరముగఁ గనఁబడును. గాలి చల్లగ వీచును.

చెఱువునకుఁ జేరువఁ బొలముల నడుమ ఛాయా సోమేశ్వరాలయ మున్నది. మూఁడు గర్భగృహము లొక్క మండపమునకుఁ దెఱచియుండుటచే దీనిని త్రికూటాలయ మందురు. అందొక గర్భగృహమునఁ బగలెల్ల లింగమువెనుక నొక స్తంభపు నీడ నిలిచియుండును. సూర్యుఁడు తూర్పున నున్నను, నడినెత్తి కెక్కినను, పడమటికి వ్రాలినను ఆ నీడ తావు మాఱదు. ఏ స్తంభమునదో కనుఁగొందమని మా పిల్లలు ఒక్కొక్క కంబముకడ నిలిచి చేతులాడించి చూచిరి. వారి చేతులు నీడలోఁ గనఁబడనే లేదు! అది యే యొక్క కంబముదియు గాదు. వెలుపలి వెలుఁగు కంబముల సందులనుండి పలుదిక్కులుగాఁ జొచ్చుటచే నేర్పడిన నీడ. ఆ కాలపు శిల్పులకు వెలుఁగును వంచి పని సేయించుకొను విద్య తెలిసియుండెను. మా చిన్నపిల్ల దానిని జూచి, “అమ్మా, ఇది సినిమా!” అన్నది. నవ్వితిమి గాని, ఆ మాటలోఁ దప్పేమున్నది? చీఁకటిగదిలో వెలుఁగును నీడను గోడమీఁద నాడించుటయే గదా సినిమా!

గ్రామములోనే పచ్చల సోమేశ్వరాలయ మున్నది. ఒకప్పుడిచ్చటి స్వామికిఁ బచ్చలు తాపించియుండిరని పెద్దలు చెప్పుదురు. గోడలనిండ రామాయణ భారతకథలును, శైవగాథలును చెక్కిరి. రామాయణమున్నచోట వానరులును, భారతమున్నచోట గజతురగములును లేకుండునా? తెరమీఁది బొమ్మలకు వేయేండ్లకుముందే మనవారు జంతువులచేఁ గథలు చెప్పించిరి. ప్రక్కనే పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల యున్నది; చుట్టుప్రక్కలఁ దొరికిన విగ్రహములను, శాసనములను అందుంచిరి. శాసనముల నన్నిటిని జదువవలెనన్న మా పెద్దవానికి ఓపిక లేకపోయెను. కాన త్వరగ వెలువడితిమి.

అప్పుడు వినఁబడెను సన్నాయి.

అవి సంక్రాంతి సెలవులు. గుడివాకిటి వేపచెట్టుక్రింద గంగిరెద్దులవాఁడును, వాని భార్యయు, డోలు మోయు కుఱ్ఱవాఁడును నిలిచియుండిరి. ఎద్దువీఁపున రంగురంగుల బొంతయు, కొమ్ములకు నిత్తడికుప్పెలును, మెడను గంటలును గలవు. “అమ్మగారికి దండం పెట్టు” అన్నంతనే అది ముంగాలు మడిచి తలవంచెను. పూర్వము గంగిరెద్దుతోడ నొక యావును దెచ్చి, రాముఁడనియు సీతయనియుఁ బేర్లుపెట్టి, రెంటికిని బెండ్లి సేయించు ఆట యాడెడివారు. ఇప్పుడు రెంటిని బోషింపలేక యొక్కదానినే తెచ్చుచున్నామని యా యిల్లాలు చెప్పెను.

మాటలసందర్భమున వాఁడు గర్వముగ, “మా బసవన్న సినిమాల చేసిండమ్మా!” అన్నాఁడు. మా పిల్లలు చుట్టు మూఁగిరి. ఏ సినిమాయో వాఁడు చెప్పెను గాని, నే నిచ్చట వ్రాయను. తెల్లవాఱుజామున లారీ యెక్కించి కొనిపోయిరఁట. పగలెల్ల నెండలో నిలిపి, దీపములు వేసి, ఒక్క పెండ్లికూఁతు రప్పగింతల సన్నివేశమును మరల మరల తీసిరఁట.

“సినిమాలోఁ గనఁబడెనా?” అని మావాఁడడిగెను.

“కనవడ్డడు బాబూ. కొమ్ములు కనవడ్డయి.”

అప్పుడా యిల్లాలు, “కండ్లు గూడ కనవడ్డయి. ఆ లైట్లకు ఆగలేక మా బసవన్న కండ్లపొంట నీళ్లు కారినయమ్మా. పెండ్లిపిల్లతోని ఎద్దు గూడ ఏడ్వబట్టె, మస్తుగున్నదని సారు సప్పట్లు గొట్టిండు. అది ఏడ్పు గాదు, మంట. ఇంటికి తోల్కొచ్చి నాలుగు దినాలు చన్నీళ్లతోని కడిగిన” అన్నది.

ఇంటికి వచ్చినపిదపఁ గూడ ఆ మాట నన్ను విడువలేదు. మన మింతకాలము తెరమీఁదఁ జూచి మెచ్చుకొన్న జంతువుల కన్నీళ్లలో నేడ్పెంత, మంట యెంత?

మన తెలుఁగుతెరకు జంతువులు క్రొత్త గావు. 1974లో వచ్చిన “నోము” చిత్రమున నాగుఁబామునకుఁ గథలో నెంత పాత్ర కలదో నాగులచవితినాఁడు పుట్టకుఁ బాలుపోయు మనకు వేఱుగఁ జెప్పవలెనా? 1977లో వచ్చిన “అడవి రాముఁడు”లో రామారావుగారితోడ నేనుఁగులును నటించినవి. మఱుసటి యేఁడు “పొట్టేలు పున్నమ్మ”లో శ్రీప్రియతోపాటు పొట్టేలే ప్రధానపాత్ర. దానిని దీసినవారు మద్రాసులోని దేవర్ ఫిల్మ్స్ వారు. జంతువులతోఁ జిత్రములు తీయుటలో నా సంస్థాపకుఁడు చిన్నప్ప దేవరును మించినవారు లేరు. ఆయన 1971లో హిందీలోఁ దీసిన “హాథీ మేరే సాథీ” నేనుఁగులకొఱకే చూచినవా రెందఱో! 1993లో ఎస్. వి. కృష్ణారెడ్డిగారి “రాజేంద్రుఁడు గజేంద్రుఁడు” వచ్చినది. లాటరీలో నేనుఁగును బొందిన పేదవాని యవస్థ యందలి కథ. గజేంద్రమోక్షణమును వల్లించి పెరిగిన నాకు ఆ పేరు వినఁగనే నవ్వు వచ్చెను. ఆ చిత్రమున నటించిన మనుష్యుల పేర్లన్నియు మనకు నోటికి వచ్చును. ఆ యేనుఁగు పేరేమి? దాని మావటివాఁ డెవఁడు? మనలో నెవరైన నడిగితిమా?

విదేశములందు జంతువులకుఁ గొంత పేరైన దక్కినది. మొదటి ప్రపంచయుద్ధము ముగియవచ్చిన 1918లో నమెరికా సైనికుఁ డొకఁడు ఫ్రాన్సుదేశమున నొక కుక్కపిల్లను దెచ్చి పెంచి, రిన్ టిన్ టిన్ అని పేరిడెను. మూకీచిత్రముల కాలమున నది మహానటులతో సమానమైన కీర్తి నొంది 1932లో మరణించెను. 1943లో వచ్చిన “లాసీ కమ్ హోమ్” చిత్రమున లాసీ యను నాఁడుకుక్క వేసమును వేసినది పాల్ అను మగకుక్క! మగకుక్కకు జూలు దట్టముగ నుండుననియే యట్లు చేసిరఁట. మన నాటకములలోఁ బురుషులు చిత్రాంగి, సత్యభామ వేసములు గట్టిన దినములు పెద్దలకు జ్ఞప్తికి వచ్చును. 1954 మొదలు 1973 వఱకు టెలివిజనులో లాసీ కథలు నడచినప్పుడు పాల్ సంతతియే తరతరములుగ నా వేసము ధరించెను. నటవంశములు మనుష్యులకే గలవని యనుకొనరాదు.

ఈ కీర్తి వెనుక నెత్తురును గలదు. 1939లో “జెస్సీ జేమ్స్” అను చిత్రముకొఱకు గుఱ్ఱమును గొండకొమ్మునుండి నీటిలోనికి దుమికింపఁగా నది చచ్చెను. ప్రజలు కోపించిరి, మఱుసటి యేఁటినుండి యచ్చటి జీవకారుణ్యసంఘము వారు చిత్రీకరణమును గనిపెట్టుచుండిరి. మన దేశమున నీ విషయమై పాటుపడినది స్త్రీయే యని చెప్పుటకు సంతసించుచున్నాను. నాట్యకళాకోవిద రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభ సభ్యురాలై, మూఁగజీవుల హింస మాన్పు బిల్లును దెచ్చిరి. దాని ఫలముగ 1960లోఁ జట్టము పుట్టెను. 1962లో నేర్పడిన జంతుసంక్షేమమండలికి నామెయే అధ్యక్షురాలు. 1998లో ఎలుఁగుబంటి, కోఁతి, పులి, చిఱుత, సింహము, ఈ యైదింటిచే నాటలాడింపరాదని కేంద్రప్రభుత్వము నిషేధించెను. 2001 నిబంధనలప్రకారము, సినిమాలో జంతువును జూపువారు ముందుగ ననుమతి పొందవలెను. 2011లో నాఁబోతులను గూడ నా నిషిద్ధపట్టికలోఁ జేర్చిరి.

ఎలుఁగును ద్రిప్పి దాని వెండ్రుకలతోఁ బిల్లలకుఁ దాయెత్తులు గట్టినవాఁడు మన వీధులకు రాక యేండ్లయినది. ఎలుఁగు బ్రతికినది; మంచిదే. వాఁడు, వాని యాలుబిడ్డ లేమైరో మనకుఁ బట్టలేదు. చట్టము చేయునప్పుడు రెండవ మాటయు నాలోచింపవలసియుండెనని నా యభిప్రాయము.

ఇప్పు డంతయు కంప్యూటరు. 2012లో “ఈగ”ను, 2022లో “ఆర్.ఆర్.ఆర్.” లోని పులిని యంత్రములే గీచినవి. ఏ పులికిని నెండ సోఁకలేదు. అది నాకు మిక్కిలి సంతోషము. కాని 2023లో ఆస్కారు బహుమానము నొందిన “ఎలిఫెంట్ విస్పరర్స్” చూచినప్పుడు మఱియు నెక్కువ సంతోషించితిని. ముదుమలై యడవిలో బొమ్మన్, బెల్లి యను దంపతులు తల్లిలేని రఘువను గున్నయేనుఁగును బెంచిన ముచ్చట యది. అందది నటింపదు. స్నానము చేయును, అన్నపుముద్ద యడుగును, అలుగును. మనయింటి పిల్లవాఁడు చేయునదే!

పానగల్లు బసవన్న మాట మఱచితిని. దండము పెట్టుట నెట్లు నేర్పితిరని యడిగితిని. దూడగ నున్నప్పుడే డోలుచప్పుడు వినిపించుచు, బెల్లము పెట్టుచు నేర్పుదుమని యతఁ డనెను. భార్య యేమియు ననక, ఎద్దు ముక్కుత్రాటిని గొంచెము తొలఁగించి, పాతగాయపు కాయను నాకుఁ జూపెను. “కొట్టుదురా?” అంటిని.

“కొట్టకుంట ఎట్లొస్తదమ్మా? మీ బళ్ల పోరగాండ్లను కొట్టకుంట సదువు జెప్తరా?” అన్నాఁడు వాఁడు.

మావారు బడిపంతులు. నేను బదులు చెప్పలేదు. మావారును గొంతు సవరించుకొని చెఱువువైపు చూడసాగిరి. పిల్లలుమాత్రము తండ్రి మొగము చూచి కిసుక్కున నవ్విరి.

ఇఁక డోలు మోయు కుఱ్ఱవాఁడు పదవతరగతి చదువుచున్నాఁడు. సెలవులకు మాత్రము వెంట వచ్చును. తరువాత నీ యెద్దును ద్రిప్పుదువా యని మావారడుగఁగా, లేదని తల యూఁపెను. తండ్రి యా మాట విననట్లు బొంత సవరించుచుండెను. తల్లి విని, “సదువుకోనీ సారూ” అన్నది.

పానగల్లు చూడఁగోరువారు ప్రొద్దుటనే పోవుట మేలు. ఎండ ముదిరినచోఁ బొలముగట్లమీఁద బిల్లలతో నడచుట కష్టము. ఛాయా సోమేశ్వరమున నీడను ఒకసారి యుదయమునను, మరల మధ్యాహ్నమునను జూచినఁగాని దాని వింత తెలియదు. నడుమఁ బచ్చల సోమేశ్వరమును, ప్రదర్శనశాలను జూచుకొనవచ్చును. శివరాత్రికి జనసమ్మర్ద మెక్కువ. భోజనము నల్లగొండనుండి కట్టుకొనిపోవుఁడు. సంక్రాంతి దినములలోఁ బోయి, గంగిరెద్దు నెచ్చటనైనఁ జూచినచో, బియ్యము పాతచీరలతోపాటు ఎద్దునకును గొంత తవుడో పచ్చగడ్డియో పెట్టుఁడు. బియ్యము మాకు, చీర మాకు, దానికేమి యిచ్చిరమ్మా యని యా యిల్లాలు నన్నడిగినది. దగ్గఱనున్న కొట్టులో నరటిపండ్లు తప్ప మఱేమియు దొరకలేదు. అత్తము నంతయుఁ దెచ్చి పెట్టితిమి. బసవన్న తొక్కలతోఁగూడఁ దినివేసెను.