అమ్మ చెయ్యి: 24 కుట్లు, 28 వరుసలు

కూచిపూడిలో ఊలు టోపీ అంటే నవ్వొస్తుంది కదా! మా ఊళ్ళో చలి అంటే సంక్రాంతికి అటూ ఇటూ కొన్ని వారాలు, అదీ తెల్లవారుజామున. కానీ మా అక్క ఉండేది కెనడాలోని కాల్గరీలో. జనవరిలో డెలివరీ. అక్కడ జనవరి అంటే మైనస్ డిగ్రీలే.

అక్క చిన్నప్పుడు ఊళ్ళోనే డాన్స్ నేర్చుకుంది. తన మొదటి డ్రెస్సు ఇంకా అమ్మ బీరువాలోనే ఉంది. మడతల దగ్గర పట్టు పెళుసెక్కిపోయింది, ముట్టుకుంటే చీలుతోంది. దాని అంచులో ఉన్న గోపురాల్ని పుట్టబోయే బిడ్డ టోపీ మీదకి ఎక్కించాలని అమ్మ పట్టుదల. అమ్మ పుట్టిల్లు నరసాపురం వైపు. పెళ్ళికి ముందు లేసు అల్లిన చెయ్యి, ఆ తర్వాత ఊలుకి అలవాటు పడింది. కానీ ఇప్పుడు బొటనవేలికి కీళ్ళనొప్పి. టోపీ ఒక్కసారి అల్లగలదు. విప్పి మళ్ళీ అల్లడం ఆవిడ వల్ల కాదు. కాబట్టి లెక్క ముందే తేలాలి. లెక్క నా డిపార్ట్‌మెంట్. అల్లడం కూడా నాకు కాస్త వచ్చు, లాక్‌డౌన్‌లో అమ్మే నేర్పింది. (ఆఫీస్ మీటింగుల్లో కెమెరా ఆఫ్‌లో ఉంటే నేనేం చేస్తుంటానో మా మేనేజర్‌కి తెలియదు.)

రంగుల డిజైన్ అల్లాలంటే గళ్ళ కాగితం మీద చార్టు ఉండాలి. ఒక గడి అంటే ఒక కుట్టు. పోచంపల్లి ఇక్కత్ వాళ్ళు కూడా డిజైన్‌ని ముందు గ్రాఫ్ కాగితం మీదే గీసుకుంటారు, దాన్ని చూసి నూలుకి ముళ్ళు కట్టి రంగేస్తారు. మాకు దగ్గర్లోని పెడన కలంకారీ కథ వేరు. అక్కడ చెక్క అచ్చు ఎంతుందో పువ్వు అంతే పడుతుంది. చార్టుకి అలాంటి సైజు ఉండదు. ముగ్గుల పుస్తకంలో "9 చుక్కలు, 9 వరుసలు" అని ఉంటుంది చూడండి, అచ్చం అదే. అదే ముగ్గు అపార్ట్‌మెంట్ గుమ్మం ముందు పళ్ళెమంత వస్తుంది, వీధిలో వేస్తే బండి చక్రమంత. చుక్కకీ చుక్కకీ మధ్య ఎంత వదిలామన్నదే సైజు. అడ్డంగా ఎక్కువ, నిలువుగా తక్కువ వదిలితే పద్మం చప్పిడి అవుతుంది.

ఊలులో ఆ ఎడాన్నే గేజ్ అంటారు. అది ఊలు మీద, సూదుల మీద, అన్నిటికంటే అల్లే చేతి మీద ఆధారపడుతుంది. అందుకే ముందు చిన్న ముక్క అల్లి, తడిపి, ఆరబెట్టి స్కేలు పెట్టి కొలవాలి. అదీ ఒకే రంగుతో కాదు, రెండు రంగులతో. వెనకాల రెండో దారం లాగుతూ ఉంటుంది కాబట్టి చాలామంది చెయ్యి అక్కడ బిగుస్తుంది.

అమ్మ ముక్కలో 10 సెంటీమీటర్లకి అడ్డంగా 24 కుట్లు, నిలువుగా 28 వరుసలు వచ్చాయి. అంటే అమ్మ కుట్టు ఎత్తు కంటే వెడల్పు ఎక్కువ. చదరపు గళ్ళలో నేను గీసిన గోపురం 11 కుట్ల వెడల్పు, 18 వరుసల ఎత్తు. అల్లితే వెడల్పు దాదాపు 4.6 సెం.మీ. వస్తుంది. కాగితం మీద కనిపించే తీరున అయితే ఎత్తు 7.5 ఉండాలి, వచ్చేది 6.4 మాత్రమే. గోపురం కాదు, గుడిసె! ఎత్తు సరిపోవాలంటే 21 వరుసలు కావాలి. ఆరు మెట్లలో కింది మూడింటికీ ఒక్కో వరుస కలిపాం. ఫోన్‌లో ఫొటో సాగదీసినట్టు కుదరదండీ, ఇక్కడ అర వరుస అనేది ఉండదు.

అసలు తలనొప్పి చుట్టుకొలతతో. మూడు నాలుగు నెలల బిడ్డకి 38 సెం.మీ. టోపీ అనుకున్నాం. అంటే 91 కుట్లు. గోపురం 11, పక్కన ఖాళీ 5, మొత్తం 16. ఐదు గోపురాలు వేస్తే 80 కుట్లు, 33 సెంటీమీటర్లు, తలకి పట్టదు. ఆరు వేస్తే 96 కుట్లు, 40 సెంటీమీటర్లు, కళ్ళ మీదకి జారుతుంది. ఐదున్నర గోపురాలు వేసి వెనక్కి తిప్పేద్దామంటే, "సగం గోపురం ఏ గుడికుందిరా?" అంది అమ్మ. ఖాళీని 5 నుంచి 7 చేశాం. 18 ఇంటూ 5, 90 కుట్లు. 37.5 సెంటీమీటర్లు.

దాంతో ఇంకోటి మొదలైంది. గోపురం కొనకి వెళ్ళేసరికి ఒక్క కుట్టే ఎరుపు, తర్వాత 17 నీలం. అంతసేపూ ఎర్ర దారం లోపల ఏడు సెంటీమీటర్లు వదులుగా వేలాడుతుంది. పసిబిడ్డ వేళ్ళు అందులో చిక్కుకుంటాయని అమ్మ భయం. రెండు కొనల మధ్య మూడు కుట్ల రుద్రాక్ష ఒకటి పెట్టింది. అక్క డ్రెస్సులో అది లేదు. అయినా చార్టులో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

అంచు అయ్యేసరికి అమ్మ వేలు వాచింది. మిగతాది నేను అల్లాలి. అవే 8 నంబరు సూదులతో నాకు 10 సెంటీమీటర్లకి 22 కుట్లే వస్తాయి, నా చెయ్యి వదులు. ఆ 90 కుట్లే నా చేతిలో 41 సెంటీమీటర్లు అవుతాయి, టోపీ పైకి వెళ్ళేకొద్దీ గంపలా విచ్చుకుంటుంది. 10 నంబరు సూదులు తీసుకున్నాను (నంబరు పెరిగితే సూది సన్నం). నాకూ 24 వచ్చాయి. చెయ్యి మారిన చోటు కనపడకుండా, నీలం ఒక్కటే మొదలయ్యే వరుస దగ్గర సూదులు అందుకోమంది అమ్మ.

టోపీ డిసెంబరు మొదటి వారంలో కొరియర్‌లో వెళ్ళింది. వీడియో కాల్‌లో అక్క దాన్ని తిప్పి లోపలి వైపు చూసింది, బయట కంటే అక్కడే ఎక్కువసేపు. ఏడాది నిండేసరికి ఇంకోటి కావాలంది.

"అది వాడు అల్లుతాడు, నేను పక్కన కూర్చుంటా" అంది అమ్మ.

43, 44 సెంటీమీటర్ల టోపీ కావాలి. 8 నంబరు సూదులతో, నా చేతి 22తో లెక్కేశాను. ఆరు గోపురాలు, 96 కుట్లు, 43.6 సెంటీమీటర్లు. ఈసారి ఖాళీ పెంచక్కర్లేదు, మొదట గీసిన 16 కుట్ల చార్టే సరిపోతుంది.