చెరువు గట్టు కూడా అమానతే

సర్వోన్నతుడైన అల్లాహ్ మానవునికి ఈ భూమిపై ప్రాతినిధ్య బాధ్యతను అప్పగించాడని ఖుత్బాలలో తరచూ వింటుంటాం. ఆ బాధ్యత ఎక్కడ మొదలవుతుంది? సుదూర అరణ్యాలలోనా, మన వీధి చివరనా? హైదరాబాదు శివారులో, అమీన్‌పూర్ చెరువు సమీపాన నివసించే మాకు ఇది ప్రతి బక్రీదుకూ ఎదురయ్యే ప్రశ్న.

కుతుబ్‌షాహీల కాలం నాటిదని చెప్పుకునే ఈ చెరువును ప్రభుత్వం 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. దేశంలో ఒక నగర జలాశయానికి ఆ హోదా లభించడం అదే మొదలు. శీతాకాలంలో ఇక్కడికి వచ్చే ఫ్లెమింగోలను చూడడానికి కెమెరాలతో జనం తరలివస్తారు. కానీ ఏడాది పొడవునా గట్టునే అంటిపెట్టుకొని ఉండే తీతువు పిట్టను పట్టించుకునేవారు తక్కువ. పట్టించుకున్నా, దాని కూత చావు కబురని భయపడేవారే ఎక్కువ.

తీతువు చెట్టుపై గూడు కట్టదు. నేలమీద గులకరాళ్ళ నడుమ చిన్న పల్లం చేసి, అందులో సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. మచ్చల గుడ్లు రాళ్ళలో కలిసిపోవడమే వాటికి రక్షణ. ఎవరైనా సమీపిస్తే తల్లి, తండ్రి పక్షులు తలపై తిరుగుతూ అరుస్తాయి. అది అపశకునం కాదు, బిడ్డల కోసం పెట్టే మొర. దైవప్రవక్త ముహమ్మద్ (స) పక్షులను బట్టి శకునాలు చూడడాన్ని తోసిపుచ్చారు. ఒక ప్రయాణంలో సహచరులు పిల్లలను పట్టుకోగా తల్లిపక్షి తల్లడిల్లడం చూసి, వాటిని తిరిగి దానికి ఇచ్చివేయమని ఆదేశించారు. భూచరాలు, రెక్కలతో ఎగిరే పక్షులు కూడా మనవంటి సముదాయాలేనని అన్ఆమ్ సూరా 38వ ఆయతు మనకు బోధిస్తుంది.

తీతువు సంతానకాలం ప్రధానంగా మార్చి నుండి ఆగస్టు వరకు. మన పండుగలు చాంద్రమానాన్ని అనుసరించేవి కనుక బక్రీదు ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో జూన్ 7న వచ్చింది. అంటే ఈ సంవత్సరాలలో మన ఖుర్బానీ, ఆ పిట్ట గుడ్లు పొదిగే కాలం ఒక్కటే. కొందరు పేగులు, వ్యర్థాలు గోనెసంచుల్లో కట్టి చీకటివేళ గట్టున పడవేసేవారు. ఆ వాసనకు కుక్కలు గుంపులుగా చేరతాయి. అవి అక్కడే తిరుగుతూ నేలమీది గుడ్లను కూడా తినివేస్తాయి. నీటిలో పడిన వ్యర్థాలు కుళ్ళుతూ నీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి. చేపలు చనిపోతే వాటిపై ఆధారపడిన కొంగలు, నీటికాకులు మరో చోటు వెదుక్కోవలసిందే.

ఒక ఏడాది పండుగ మరునాడు పొరుగు కాలనీ పెద్దలు మస్జిద్‌కు వచ్చి ఈ సంగతి చెప్పారు. మర్యాదగానే చెప్పారు. అయినా మా యువకులు కొందరు నొచ్చుకున్నారు. మురుగు కాల్వలు, కూల్చిన ఇళ్ళ మట్టి, రంగు పూసిన విగ్రహాలు ఎవరికీ కనబడవా అని అడిగారు. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే జవాబు చెప్పడం కష్టమైంది. చివరకు మొదటి వరుసలో కూర్చున్న ఒక వృద్ధుడు, “బేటా, వారి లెక్క వారిని అడుగుతాడు. మనల్ని అడిగేది మన లెక్కే కదా!” అన్నారు. చర్చ అక్కడితో ముగిసి, పని మొదలైంది.

మరుసటి ఏడాది పండుగకు ముందు రెండు జుమాలలోనూ ప్రకటన చేయించాం. ఇంటింటికీ మందపాటి సంచులు పంచాం. పురపాలక వాహనం వచ్చే వేళలు మస్జిద్ తలుపుపై అంటించాం. చెరువు దారిలో యువకులు రెండు రాత్రులు వంతులవారీగా కాపలా ఉన్నారు. నిజానికి ఎక్కువ భారం మోసింది మా ఇంటి స్త్రీలు. వ్యర్థాన్ని అక్కడికక్కడే వేరుచేసి కట్టించింది వారే. పిల్లలు గట్టున తీతువు గూళ్ళు ఉన్నచోట, కొంత దూరంలో కర్రలు పాతి, నడిచేవారికి గుర్తుగా తాడు కట్టారు.

ఫలితం సంపూర్ణమని చెప్పలేం. గట్టున మట్టి లారీలు ఇంకా ఆగుతూనే ఉన్నాయి. అయితే ఆ వినాయక చవితికి పొరుగు కాలనీవారు మట్టి విగ్రహాన్ని నిలిపి, నిమజ్జనానికి వేరే తొట్టి ఏర్పాటు చేసుకున్నారు. మేము అడగలేదు. ఇప్పుడు మట్టి లారీల గురించి అధికారులకు ఇచ్చే అర్జీలపై రెండు కాలనీల సంతకాలూ ఉంటున్నాయి.

మదీనా పరిసరాలను దైవప్రవక్త (స) పవిత్ర క్షేత్రంగా ప్రకటించి, అక్కడి చెట్లను నరకరాదని, జంతువులను వేటాడరాదని నిషేధించారు. నాటిన మొక్క నుండి పక్షి తిన్నా అది నాటినవానికి సదఖాయేనని తెలిపారు. ఇంతటి బోధన మన వద్ద ఉండగా, పక్షుల రక్షణ ఎవరో పర్యావరణ ప్రేమికుల పని అనుకోవడం తగదు. మీ ఊరి కుంట ఏది? రాబోయే ఈద్ నాటికి దాని గట్టున ఏ పిట్ట గుడ్లు పొదుగుతుంటుంది? పొట్టేలును కొనేముందే ఈ రెండు సంగతులూ తెలుసుకుందాం. ఖుర్బానీ ఉద్దేశం తఖ్వా. చీకట్లో సంచి ఎక్కడ దించామన్నది కూడా ఆ తఖ్వాలో భాగమే.