దస్తర్‌ఖాన్ మీద రొయ్యల సీఖులు

సికింద్రాబాద్‌లో ముసల్మాన్ ఇంట్లో రొయ్యలు వండాలంటే పొయ్యి వెలిగించకముందే ఒక మస్‌అలా ఎదురొస్తుంది. మసాలా కాదండీ, మస్‌అలా. ‘జింగా తినొచ్చా?’ అని. ఇక్కడే పుట్టి పెరిగిన మన వాళ్లలో జింగా ముట్టని ఖాందాన్‌లు చాలానే ఉన్నాయి. సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన మాలాంటి వాళ్లకేమో రొయ్య లేని ఆదివారం ఆదివారమే కాదు.

నేను బందరు పిల్లని. నికాహ్ అయ్యి చిలకలగూడకొచ్చి ఇరవై రెండేళ్లు. మా అమ్మీ రొయ్యల్ని వంకాయతో వండేది, గోంగూరతో వండేది, చింతచిగురు దొరికితే ఇక పండగే. ఎండు రొయ్యల పొడి డబ్బా మా వంటింట్లో ఉప్పు డబ్బా పక్కనే ఉండేది. హలాలా, మక్రూహా అని మా ఇంట్లో ఎవరూ అడిగిన యాది లేదు. చేప ఎలాగో రొయ్య అలాగ, అంతే.

అత్తారింట్లో సంగతి వేరు. మా ఖుష్‌దామన్ సాహెబా, అందరం అమ్మాజాన్ అంటాం, ఆమె జింగా తినరు. వాళ్ల అమ్మ తినలేదు, నానీ తినలేదు. అట్లని నన్ను ఏనాడూ తినొద్దనలేదు. నేను వండుకుంటే ఆ పూట తన రకాబీలో పప్పు, అచ్చార్ వేసుకుని పక్కకు జరిగి కూర్చునేవారు. ఆ జరగడమే నాకు ముల్లులా గుచ్చుకునేది. తిడితే జవాబు చెప్పొచ్చు. జరిగి కూర్చుంటే ఏం చెప్తాం?

2018 జనవరి మొదట్లో ఈ ముచ్చట ఇంటి గడప దాటి అఖ్బార్లకెక్కింది. హైదరాబాద్ జామియా నిజామియా నుంచి ఫత్వా వచ్చింది: రొయ్య చేప జాతి కాదు, కాబట్టి తినడం మక్రూహె తహ్రీమీ అని. అది చదివి మా వీధిలో కొందరు తినడం మానేశారు, కొందరు నవ్వేసి ఊరుకున్నారు. వేరే ఆలిములు వేరే మాట చెప్పారు. నాకు మాత్రం ఇది అసలు ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలనిపించింది. తెలిసినంత మీకూ చెప్తాను.

హనఫీ మస్లక్‌లో నీళ్లలో బతికే జీవాల్లో చేప ఒక్కటే హలాల్. అందులో ఇఖ్తిలాఫ్ లేదు. ఇఖ్తిలాఫ్ అంతా రొయ్య చేపేనా అన్న దగ్గరే. జీవశాస్త్రం లెక్కన కాదు. దానికి వెన్నెముక లేదు, పది కాళ్లున్నాయి, పీతకు చుట్టం. కాదన్న వాళ్ల దలీల్ అది. కానీ పాత అరబీ పండితులు ఈ లెక్క వేయలేదు, జనం దేన్ని చేప అంటారో చూశారు. 14వ శతాబ్దంలో అల్లామా దమీరీ రాసిన ‘హయాతుల్ హైవాన్’లో రొయ్యని చేపల్లోనే చేర్చారు. మౌలానా అష్రఫ్ అలీ థానవీ లాంటి హనఫీ ఆలిములు ఆ మాట ఆధారంగానే జాయిజ్ అన్నారు. ఇక షాఫయీ, మాలికీ, హంబలీ మస్లక్‌లలో రొయ్య మామూలుగా హలాలే. కేరళ మాప్పిళాలు, భట్కల్ వాళ్లు షాఫయీలు కాబట్టి వాళ్లకీ బెంగ లేదు. అంత దూరమెందుకు, నిజాం ఫౌజులో చేరడానికి యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల ఔలాద్ మన బార్కస్‌లోనే ఉన్నారు. వాళ్లూ షాఫయీలే. ఒకే షహర్‌లో ఒక మొహల్లాలో దస్తర్‌ఖాన్ మీద ఉండేది ఇంకో మొహల్లాలో ఉండదు. అంతే తేడా.

ఇదంతా తెలిశాక నా తిండి మారలేదు, అమ్మాజాన్ తిండీ మారలేదు. మారాల్సింది ఆ పక్కకు జరగడం ఒక్కటే. దానికి తోవ చూపించింది మా బేటీ, అదీ ఫిఖ్హ్‌తో కాదు, కొరియా డ్రామాలతో.

ఆ డ్రామాల్లో బల్ల మధ్యలో బొగ్గులు పెట్టి, చుట్టూ కూర్చుని, ఎవరికి కావలసింది వాళ్లు కాల్చుకుని తింటారు కదా. ‘అమ్మీ, మనం కూడా అట్లా చేద్దాం, రొయ్యలు సోయా సాస్‌లో నానబెట్టి’ అంది. పార్క్ లేన్ వైపు చైనీస్ హోటళ్లు సికింద్రాబాద్‌కు కొత్తేం కాదు. కానీ ఏ కడాయిలో ఏం వండారో, సాస్‌లో ఏం కలిపారో అన్న షక్ పెట్టుకుని ముద్ద మింగడం నా వల్ల కాదు. అంగీఠీ మనింట్లో ఉంది, సీఖులు ఉన్నాయి. ఇంట్లోనే చేద్దామన్నాను.

ముందు సీసాల సంగతి. జపాన్ వంటల్లో వేసే మిరిన్, చైనా వంటల్లో వేసే రైస్ వైన్, రెండూ షరాబే. అవి మనకొద్దు. అవి ఇచ్చేది కాస్త తీపి, కాస్త పులుపు. ఆ పని తాటిబెల్లం, చింతపండు హాయిగా చేస్తాయి. ఇదేం సర్దుబాటు కాదు, థాయ్‌లాండ్ వాళ్ల వంటింట్లోనూ ఆ రెండూ ఉంటాయి. ఓయిస్టర్ సాస్ ఆల్చిప్పలతో చేసేది. హనఫీ లెక్కన అది చేప కాదు, కాబట్టి నేను కొననే కొనను. ఫిష్ సాస్ చేపల్ని ఉప్పులో మురగబెట్టి తీసేది, దాంతో ఇబ్బంది లేదు. సోయా సాస్ మటుకు సీసా వెనక చదివి తీసుకోండి. షరాబు కలిపినట్టు రాసి ఉంటే అక్కడే పెట్టేసి రండి.

రొయ్యలకి ఆదివారం పొద్దున ఫజర్ తర్వాత రాంనగర్ చేపల మార్కెట్‌కి వెళ్తాం. అక్కడ దొరికేవి ఎక్కువగా మా కోస్తా చెరువుల్లో పెరిగిన వనామీ రొయ్యలే. అవి అసలు మనవి కావు, పసిఫిక్ సముద్రం అవతలి ఒడ్డు, దక్షిణ అమెరికా వైపువి. 1990లలో తెల్లమచ్చ రోగం టైగర్ రొయ్యని దెబ్బతీసింది. 2009లో సర్కారు వనామీకి ఇజాజత్ ఇచ్చాక చెరువులన్నీ దీనికి మారిపోయాయి. రొయ్యల్ని ‘కౌంట్’ లెక్కన అడగండి. 30 కౌంట్ అంటే కిలోకి 30 తూగేవి, 100 కౌంట్ అంటే చిన్నవి. నిప్పుల మీదకి 30, 40 కౌంట్ బాగుంటుంది. చిన్నవైతే రంగు తిరిగేలోపే రబ్బరవుతాయి. తల గట్టిగా అంటుకుని ఉండాలి, పెంకు మెరవాలి, అమోనియా వాసన కొట్టకూడదు. కిలో తెస్తే తల, పెంకు పోగా అరకిలో పైచిలుకు మిగులుతుంది.

తోక ఉంచి పెంకు తీసేయండి. వీపు మీద సన్నగా గాటు పెట్టి నల్ల నరం లాగేయండి. అరకిలోకి అరచెంచా ఉప్పు, పావుచెంచా వంటసోడా పట్టించి 15 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, కడిగి, గుడ్డతో తడి పూర్తిగా అద్దేయండి. ఇది చైనా వాళ్ల చిట్కా. కొరికితే రొయ్య పటుక్కుమంటుంది.

సాస్‌కి రెండు పెద్ద చెంచాల సోయా సాస్, ఒక పెద్ద చెంచా తాటిబెల్లం తురుము, ఆరు వెల్లుల్లి రేకలు, నానబెట్టి నూరిన మూడు గుంటూరు మిరపకాయలు, ఒక పెద్ద చెంచా నువ్వుల నూనె, దోరగా వేయించి దంచిన నువ్వులు ఒక చెంచా. కుండీలో నిమ్మగడ్డి ఉంటే దాని తెల్లటి మొదలు సన్నగా తరిగి వేయండి. అల్లం ముద్ద వద్దు, చిన్న చెంచా రసం చాలు. పచ్చి అల్లం ఎక్కువైతే రొయ్య కండ మెత్తబడి పిండిలా అయిపోతుంది. నిమ్మరసం కూడా ఇప్పుడే వద్దు. ఉప్పు అసలే వద్దు, సోయా సాస్‌లో ఉన్నది చాలు.

ఈ సాస్‌ని మూడు భాగాలు చేయండి. ఒకటి రొయ్యలకి, 20 నిమిషాలు చాలు. ఒకటి పక్కన ఉంచండి, ఎందుకో చెప్తాను. మూడోదానిలో చెంచా తేనె, చెంచా చింతపండు గుజ్జు కలిపి సన్నసెగ మీద చిక్కబడనివ్వండి. అది ఆఖర్లో పూయడానికి. తేనె ముందే పూస్తే లోపల ఉడికేలోపు పైన మాడిపోతుంది. వెదురు పుల్లలైతే అరగంట నీళ్లలో నానబెట్టండి. రొయ్యని రెండు పుల్లలకి గుచ్చితే తిప్పేటప్పుడు గిర్రున తిరగదు.

అంగీఠీ డాబా మీదే వెలిగించండి. తలుపులు మూసిన గదిలో బొగ్గులు పెట్టకండి, ఆ గాలి ప్రాణం తీస్తుంది. బొగ్గుల మీద తెల్లటి బూడిద పొర కట్టాక సీఖులు పెట్టండి. ఒక్కోవైపు రెండు నిమిషాలు. బూడిద రంగు రొయ్య గులాబీ రంగుకు తిరగడం పిల్లలకి తమాషా. ఆ రంగు ముందునుంచీ దాని ఒంట్లోనే ఉంటుంది, ఒక ప్రొటీన్ దాన్ని పట్టి ఉంచుతుంది, వేడికి ఆ పట్టు వదిలి రంగు బయటపడుతుంది. రొయ్య కొడవలిలా వంగితే దించేయండి. సున్నాలా చుట్టుకుంటే ఎక్కువ ఉడికినట్టు. ఆఖరి అర నిమిషంలో తేనె సాస్ పూసి, దించాక నిమ్మకాయ పిండండి. డాబా లేనివాళ్లు ఇనప పెనం బాగా కాల్చి ఒక్కసారికి ఎనిమిది చొప్పున వేసుకోవచ్చు. పొగ వాసన తక్కువే గానీ రుచి తక్కువ కాదు. రొయ్య పడని ఒళ్లు కొందరివి. దద్దురు, గొంతు వాపు వచ్చిన వాళ్లకి దావత్‌లో ముర్వ్వత్ కోసం పెట్టకండి.

ఇప్పుడు ఆ పక్కన పెట్టిన సాస్ సంగతి. అది అమ్మాజాన్ కొరమీనుకి. తెలంగాణ రాష్ట్ర చేప అదే కదా, ముళ్లూ తక్కువ. ముక్కలకి అదే సాస్ పట్టించి, రొయ్యల కంటే ముందు, కడిగిన జాలీ మీద కాలుస్తాను. ఆమె పట్టకారు వేరు, ఆమె పళ్లెం వేరు. రొయ్య తాకిన చెంచా అందులో పెట్టను. ‘ఇంత ఎహ్తియాత్ ఎందుకు, ఆమె చూడరు కదా’ అని మా ఆడపడుచు నవ్వింది. చూడరు కాబట్టే, అన్నాను.

మొదటిసారి అలా వండిన రోజు అందరం డాబా మీద చాప పరిచి కూర్చున్నాం. కింద బగారా ఖానా, ఖట్టీ దాల్, పైన కొరియా సాస్. మా ఆయనకి ఆ జోడీ ఇప్పటికీ వింతే, కానీ మూడోసారి వడ్డించుకున్నారు. అమ్మాజాన్ జరగలేదు. కొరమీను తింటూ, ‘ఈ సాస్‌లో ఇంకాస్త మిర్చీ పడాలి బేటా’ అన్నారు. ఇరవయ్యేళ్లలో నా నీసు వంటకి ఆమె చెప్పిన మొదటి వంక అది. నాకు ఈద్ వచ్చినంత ఖుషీ అయింది.

అప్పుడే మా బేటీ అడిగింది, ‘దాదీ కరెక్టా, అమ్మీ కరెక్టా?’ అని. అందరి చేతులూ ఆగిపోయాయి. నేను నోరు తెరిచేలోపే అమ్మాజాన్ జవాబు చెప్పారు. ప్రవక్త (స) ముందు ఒకసారి కాల్చిన ఉడుములాంటి జంతువు మాంసం పెట్టారట. తమ ఖౌమ్ నేల మీద అది ఉండదని, మనసొప్పడం లేదని ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అది హరామా అని అడిగితే కాదన్నారు. ఖాలిద్ బిన్ వలీద్ (రజి) దాన్ని దగ్గరికి లాక్కుని తిన్నారు, ఆయన చూస్తూ ఉన్నారు, వద్దనలేదు. బుఖారీలోనూ ముస్లిమ్‌లోనూ ఉన్న హదీస్ అది. ‘ఒకే దస్తర్‌ఖాన్ బేటా. ఒకరు తిన్నారు, ఒకరు తినలేదు. లేచిపోయింది ఎవరూ లేరు’ అన్నారు అమ్మాజాన్.

ఆ హదీస్ నాకూ తెలిసిందే. కానీ రొయ్య తినని మనిషి నోట, రొయ్య తినే కోడలి పక్కన కూర్చుని చెప్తుంటే దాని మాయ్నా వేరుగా వినిపించింది.

మీ ఇళ్లల్లోనూ ఇలాంటివి ఉంటాయి. ఒకరు తినేది ఒకరు తినరు, ఒకరి మౌల్వీ సాబ్ మాట ఇంకొకరి మౌల్వీ సాబ్ మాట కాదు. ఎవరి ఇత్మినాన్ వాళ్లది. తినని వాళ్ల కోసం అదే సాస్‌లో ఇంకో ముక్క నానబెట్టండి, పట్టకారు వేరుగా పెట్టండి. అయ్యే ఖర్చు ఒక కొరమీను. దువాల్లో యాద్ ఉంచుకోండి.