ఘృణ: వేడిమి నుండి వైముఖ్యం వరకు



ఉత్తరాంధ్రలోని ఒక గ్రామ దేవాలయ ముఖమండపంలో ప్రతి ఆదివారం సాయంసంధ్యకు ముందు బ్రహ్మసూత్ర పాఠం జరుగుతుంది. పాఠం చెప్పేవారు డెబ్బది ఏళ్ళు దాటిన ఘనపాఠి. వినేవారు పదిమందికి మించరు. వారిలో ఒక గృహిణి ఉన్నది. ఆమె తండ్రి భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి కావడం చేత ఆమె విద్యాభ్యాసమంతా హిందీ మాధ్యమంలో సాగింది. వివాహానంతరం అత్తవారి ఊరికి వచ్చి తెలుగు లిపిని కూడబలుక్కొని నేర్చుకొన్నది. పాఠంలో వినబడిన ప్రతి శబ్దాన్నీ ఒక చిన్న పుస్తకంలో నాగరలిపిలో వ్రాసుకొనడం ఆమె అలవాటు.

ఆనాటి పాఠం రెండవ అధ్యాయం, ప్రథమ పాదంలోని 34వ సూత్రం. ఈ సృష్టిలో కొందరు సుఖులు, కొందరు దుఃఖులు. దేవతలకు భోగం, పశువులకు యాతన, మనుష్యులకు రెండింటి మిశ్రమం. ఇట్టి జగత్తును సృజించిన ఈశ్వరునకు రెండు దోషాలు తగలవా అని పూర్వపక్షి ప్రశ్న. ఒకటి వైషమ్యం, రెండవది నైర్ఘృణ్యం. ఈశ్వరుడు ప్రాణుల ధర్మాధర్మాలను అపేక్షించి సృష్టిస్తాడు గనుక ఆ దోషాలు లేవని సిద్ధాంతం. శంకర భగవత్పాదులు ఇక్కడ పర్జన్యుని దృష్టాంతంగా చూపించారు. వర్షం అన్ని పైరులకూ సాధారణమైన కారణమే, వరికీ యవలకూ గల భేదం మాత్రం ఆయా బీజాలది.

పాఠం అంతవరకు వచ్చేసరికి ఆ గృహిణి సందేహిస్తూనే అడిగింది. "గురువుగారూ, నైర్ఘృణ్యం అంటే ఘృణ లేకపోవడమే కదా! భగవంతునికి ఎవరి మీదా ఘృణ లేదంటే అది స్తుతి అవుతుంది గాని దోషం ఎలా అవుతుంది?"

మండపంలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఘనపాఠిగారు నవ్వలేదు. ఆమె ప్రశ్నలో తప్పు లేదని ఆయనకు తెలుసు. హిందీలో ఘృణ అంటే ఏవగింపు, ద్వేషం. వంగభాషలోనూ అంతే. సూత్రకారుని వాక్కులో ఘృణ అంటే దయ. నైర్ఘృణ్యం అంటే దయాశూన్యత, క్రౌర్యం. ఒకే శబ్దం ఒక కాలంలో దయకు పేరై, మరొక కాలంలో దయకు శత్రువైన భావానికి పేరయింది. శబ్దార్థాలు మారడం లోకంలో సహజమే. అయితే ఈ శబ్దం నడిచిన త్రోవలో మనుష్యహృదయపు చరిత్ర కొంత దాగి ఉన్నది. ఆనాడు సూత్రాన్ని ప్రక్కన ఉంచి, ఆయన ఆ త్రోవనే ఆమెకు చూపించారు.

ధాతుపాఠం "ఘృ" అనే ధాతువుకు క్షరణం, దీప్తి అని రెండు అర్థాలు చెబుతుంది. కారడం ఒకటి, వెలగడం ఒకటి. ఘృతం, ఘర్మం అనే శబ్దాలు ఈ ధాతువు నుండే పుట్టాయి. ఘృతం అంటే నేయి. ఘర్మం అంటే వేడిమి; ప్రవర్గ్యంలో నిప్పు మీద కాగే హవిస్సుకు కూడా అదే పేరు. ఘృణ కూడా ఆ కుటుంబంలోని శబ్దమే. సూర్యాష్టాక్షరిలో ప్రణవం తరువాత వచ్చే మొదటి పదం "ఘృణి" అంటే ప్రకాశించేవాడు, కిరణస్వరూపుడు. ఋగ్వేదం ద్వితీయ మండలంలో గృత్సమద మహర్షి దర్శించిన రుద్రసూక్తం ఉన్నది. ఎండకు తపించినవాడు నీడను చేరినట్లు రుద్రుని అనుగ్రహాన్ని చేరాలని అందులో ఋషి ప్రార్థించాడు. అక్కడ ఈ శబ్దానికి అర్థం దయ కాదు, కేవలం ఎండ వేడిమి. ఆ వేడిమికి ప్రక్కనే నీడ ప్రస్తావన ఉండడం గమనింపదగినది.

ఎండ వేడిమి దయగా ఎలా మారింది? తెలుగువారికి దీనిని బోధించవలసిన పని లేదు. దుఃఖితుని చూచినప్పుడు "మనస్సు కరిగింది" అంటారు, దయాళువును "వెన్నవంటి మనస్సు గలవాడు" అంటారు. మార్గశిరపు చలికి గిన్నెలో గడ్డకట్టిన నేయి నిప్పుసెగ తగిలితే కరిగి ధారగా సాగుతుంది. పరుని వేదన అనే సెగ తగిలి హృదయం ద్రవించడం ఘృణ. ధాతువుకు చెప్పిన రెండు అర్థాలూ ఇందులో కలిశాయి. అమరసింహుడు నాట్యవర్గంలో కరుణ, కృప, దయ, అనుకంప మొదలైన వాటితో పాటు ఘృణను కూడా ఒకే పంక్తిలో కూర్చుండబెట్టాడు. అయితే అదే అమరకోశం నానార్థవర్గంలో ఘృణకు కరుణతో పాటు జుగుప్స అనే అర్థం కూడా చెప్పింది. అంటే ఆ కోశం నాటికే ఈ శబ్దం రెండు ముఖాలు ధరించింది.

ఈ రెండవ ముఖం ఎలా వచ్చిందో నిరూపించే శాసనం ఏదీ లేదు. కాని మహాభారతంలో ఒక జాడ కనిపిస్తుంది. ఉద్యోగపర్వంలో భీష్ముడు దుర్యోధనునికి ఇరుపక్షాల రథులనూ అతిరథులనూ లెక్కించి చెబుతూ కర్ణుని అర్ధరథునిగా నిర్ణయించాడు. సహజ కవచకుండలాలను పోగొట్టుకొన్నవాడు, ఎల్లప్పుడూ "ఘృణి" అని ఆక్షేపించాడు. ఇక్కడ ఘృణి అంటే ఘృణ గలవాడు, మెత్తనివాడు. వెంటనే ద్రోణుడు కూడా ఆ మాటను సమర్థించాడు. కర్ణుడు యుద్ధంలో విముఖుడవుతాడని, ఘృణి అని, ప్రమత్తుడని అన్నాడు. సూర్యపుత్రునికి, ఘృణిస్వరూపుని కుమారునికి, ఈ విశేషణం దోషంగా అంటడం ఎంత విచిత్రం! విప్రవేషంలో ఇంద్రుడు వచ్చి యాచించగానే ఒంటి మీది కవచాన్ని కోసి ఇచ్చినవాడు అతడు. ఆ మెత్తదనమే వీరుల సభలో బలహీనత అనిపించుకొన్నది. ద్రోణుని మాటలో "ఘృణి" అనే శబ్దానికి చెంతనే "విముఖుడు" అనే శబ్దం ఉన్నది. కరిగిన మనస్సుకూ తిప్పుకొన్న ముఖానికీ దూరం ఎంత తక్కువో ఆ సామీప్యం సూచిస్తున్నది.

విదురుడు ధృతరాష్ట్రునికి రాత్రియంతా చెప్పిన నీతిలోనూ ఈ శబ్దం ఉన్నది. నిత్యదుఃఖితులు ఆరుగురని చెబుతూ అసూయాపరుని తరువాత ఘృణిని లెక్కించాడు. దీనికి అర్థం చెప్పేవారు రెండు తెరగులు. అన్నింటినీ ఏవగించుకొనేవాడని కొందరు, అతిగా జాలిపడేవాడని కొందరు. రెండు అర్థాలూ కుదురుతాయి. ఇద్దరూ నిత్యదుఃఖితులే.

"ఎండ తగిలినప్పుడు రెండు జరుగుతాయి, తల్లీ. నేయి కరుగుతుంది. ఓర్చుకోలేని కన్ను మూసుకొంటుంది. రెండింటికీ కారణం ఆ వేడిమే. తాపం తగలని రాతికి జాలీ లేదు, రోతా లేదు" అని ఘనపాఠిగారు పాఠం ముగించారు.

అందరూ లేచి వెళ్ళిన తరువాత ఆమె స్తంభం ప్రక్కనే నిలిచిపోయింది. చాలాసేపటికి నోరు తెరిచింది. ఆమె అత్తగారికి పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది. తొలి నెలలలో ఆమె తన చేతులతో ఒళ్ళు తుడిచేది, అన్నం కలిపి పెట్టేది, రాత్రి లేచి ప్రక్క మార్చేది. తుడుస్తూ ఏడ్చేది. ఆనాడు ఎవరూ చెప్పకుండానే మనస్సు కరిగేది. క్రమంగా వీపున పుండ్లు పడ్డాయి. ఇప్పుడు గది గుమ్మం దగ్గరే ఊపిరి బిగపట్టవలసి వస్తున్నది. చేతులు పని చేస్తూనే ఉన్నాయి, మనస్సు మాత్రం పారిపోతున్నది. ముందురోజు కట్టు మారుస్తూ పమిటచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకొన్నది. అత్తగారు అది చూచింది. మాట పడిపోయిన మనిషి గనుక ఏమీ అనలేదు. ముఖాన్ని మెల్లగా గోడ వైపుకు తిప్పుకొన్నది.

"ఆ శబ్దానికి ఏ అర్థం జరిగిందో నాకూ అదే జరిగింది, గురువుగారూ. దయ ఉండేది. ఇప్పుడు లేదు. ఉన్నదల్లా రోతే."

ఆయన వెంటనే ఊరట మాట చెప్పలేదు. దయ ఎక్కడికీ పోలేదని తేలికగా అనలేదు. కొంత ఆలోచించి, శాస్త్రంలో లేని ప్రశ్న ఒకటి అడిగారు. "మీ ఇంటాయన ఆ గదిలోకి రోజుకు ఎన్నిసార్లు వస్తాడమ్మా?"

ఆమె తల వంచుకొన్నది. ఉదయం గుమ్మం దగ్గర నిలబడి "అమ్మా, వెళ్ళివస్తాను" అంటాడట. మందులకూ డైపర్లకూ డబ్బు లోటు రానివ్వడట. "అమ్మకు నీ చేతితో చేస్తేనే బాగుంటుంది" అంటాడట.

"రుద్రసూక్తంలో ఎండ ప్రక్కన నీడ ఉన్నదని ఇందాక చెప్పుకొన్నాం. నీవు రెండేళ్ళుగా ఎండలోనే నిలబడ్డావు, నీడకు పోనిచ్చినవారు లేరు. నీ లోపల వేడిమి చల్లారలేదు, నిన్నే కాలుస్తున్నది. కర్ణునివలె ఉన్నదంతా ఒక్కసారే కోసి ఇవ్వమని ఏ ధర్మశాస్త్రమూ నిన్ను శాసించలేదు. నీ సేవలో సగం ఆయనకు అప్పగించు. ఆమె అతని తల్లి. అప్పగించడం పాపం కాదు, అతని ధర్మాన్ని అతనికి తిరిగి ఇవ్వడమే."

తరువాత ఆయన ఈశావాస్యోపనిషత్తును స్మరించారు. సర్వభూతాలనూ ఆత్మయందు, సర్వభూతాలయందు ఆత్మను దర్శించినవానికి జుగుప్స కలుగదని అందులో చెప్పబడినది. అది జ్ఞాని స్థితి. సాధకునికి అది ఆజ్ఞ కాదు, దిక్కు. "రోత కలిగినందుకు నిన్ను నీవు ద్వేషించుకొంటే ఏవగింపు ఇంకొక మెట్టు ఎక్కినట్లే. రోత శరీరానికి చెందినది, వస్తుంది, పోతుంది. గోడ వైపు తిరిగిన ఆ ముఖం ఉన్నదే, దానిని మాత్రం అలా విడిచిపెట్టకు. ముక్కుకు గుడ్డ కట్టుకోవలసి వస్తే ఆమె చూస్తుండగానే, ఆమెకు చెప్పి కట్టుకో. దాచినప్పుడే అది అవమానం" అని హెచ్చరించారు.

ఆ ప్రాంతపు ప్రజలకు అరసవల్లి క్షేత్రం కొత్తది కాదు. మార్చి, అక్టోబరు మాసాలలో కొన్ని దినాల ఉదయవేళ సూర్యకిరణాలు గర్భాలయంలోని మూలమూర్తి పాదాలను స్పృశిస్తాయి. జనం ఆ దృశ్యం కోసం తెల్లవారకముందే బారులు తీరుతారు. గర్భాలయంలో స్వామి పాదాలను తాకిన ఆ వెలుగే ఊరి చివర బురదకుంటను కూడా తాకుతుంది. బురద అంటి కిరణం మలినం కాదు, పాదాలంటి అధికమూ కాదు. ఘృణికి గల ఆ సమత్వం మనుష్యుని ఘృణకు లేదు. మనుష్యుని దయకు అలసట ఉన్నది, పరిమితి ఉన్నది. ఈ పరిమితిని ఒప్పుకొననివారి చేతులలోనే దయ క్రమంగా రోతగా పరిణమిస్తుంది. ఇంటిలో ఒక్కరే కరుగుతూ, తక్కినవారు ఆ ఒక్కరి మంచితనాన్ని ప్రశంసిస్తూ గుమ్మంలో నిలబడిన చోట ఆ పరిణామం మరీ త్వరగా జరుగుతుంది.

రెండు వారాలు ఆమె పాఠానికి రాలేదు. మూడవ ఆదివారం ఆలస్యంగా వచ్చి వెనుక కూర్చున్నది. పాఠానంతరం ఘనపాఠిగారు ఏమీ అడగలేదు. ఆమే చెప్పింది. మొదటి రోజు భర్త కట్టు విప్పగానే పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకొన్నాడట. మర్నాడు మళ్ళీ వచ్చాడట. నాలుగవ రోజు తల్లి వీపు తుడుస్తూ ఉండగా అతని కన్నీరు ఆ వీపు మీదే పడిందట.

హిందీ దేశంలో ఘృణా శబ్దం దయ నుండి బయలుదేరి రోతకు చేరింది. ఆ ఇంటిలో ఆ కుమారుడు రోత నుండి బయలుదేరి దయకు చేరాడు.

"మరి అత్తగారు?" అని అప్పుడు అడిగారు ఆయన.

"ఇంకా గోడ వైపే పడుకొంటుంది, గురువుగారూ. నిన్న మాత్రం నేను ప్రక్క మారుస్తూ ఉంటే చేయి పట్టుకొన్నది."

ఆమె పుస్తకం తెరిచి, నాగరలిపిలో వ్రాసుకొన్న నైర్ఘృణ్యం అనే పదం క్రింద తెలుగులో, వంకర అక్షరాలతో, అర్థం వ్రాసుకొన్నది.