దాహం బండి

ఎస్.కోట దాటి బొడ్డవర దగ్గరికి వచ్చేసరికి వ్యాన్‌ నిండా తియ్యటి వాసన. "ఎవరో బెల్లం పాకం పడుతున్నార్రా" అంది వెనక సీట్లోంచి అమ్మ. పాకం ఎవరింట్లోనో కాదు, నా మోకాలి పక్కనే పడుతోంది. మా వ్యాన్‌కి ఇంజిన్ ముందు సీట్ల మధ్య, రేకు పెట్టె కింద ఉంటుంది. పాతికేళ్ల బండి. టెంపరేచర్ ముల్లు బద్ధకంగా ఎర్ర గీత వైపు లేస్తోంది.

విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లు. రైల్లో పోదామని మా ఆవిడ ముందే చెప్పింది. కిరండూల్ లైను సొరంగాలు పిల్లలకి చూపించొచ్చని ఆవిడ ఆశ. వినలేదు. ఇప్పుడు ఆవిడ ఏమీ అనడం లేదు. అదే ఇబ్బందిగా ఉంది.

బండి పక్కకు తీసి అరగంట ఆగాం. వేడి మీద రేడియేటర్ మూత తియ్యకూడదు. ఆ మూత లోపలి ఒత్తిడిని పట్టి ఉంచబట్టే నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. తీశామా, ఒక్కసారిగా పొంగి మొహాన కొడతాయి. చల్లారాక తడిగుడ్డ వేసి కొద్దికొద్దిగా తిప్పితే బుస్సుమంది. మూడు లీటర్లు తాగింది. పై హోస్ పైపు క్లిప్పు దగ్గర పగుళ్లిచ్చి, కూలెంట్ ఆకుపచ్చగా చారలు కట్టి ఉంది. దొంగ దొరికాడనుకున్నాను. పగిలిన అంగుళం కోసేసి, మిగిలిన పైపుని లాగి తొడిగి, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి క్లిప్పు బిగించాను. కాస్త గర్వంగానే బిగించాను.

ఘాట్ మొదలైన ఆరు కిలోమీటర్లకే ముల్లు మళ్లీ లేచింది.

టైడా దగ్గర టీ కొట్టు ముందు ఆపాను. నేను కోసి తొడిగిన పైపు పొడిగానే ఉంది. చుక్కలు రేడియేటర్ కింది నుంచి పడుతున్నాయి. ఓ కుక్క వచ్చి మడుగు వాసన చూస్తుంటే పరిగెత్తి తోలాను. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, తాగితే ప్రాణం తీస్తుంది. చెంబుడు నీళ్లు పోసి ఆ చోటు కడిగేశాను. టీ తాగుతున్న జీపు డ్రైవరు వంగి చూసి, "రేడియేటర్ కారతంది బాబూ. రెండు చెంచాలు పసుపెయ్యండి, పట్టేత్తది" అన్నాడు. అమ్మ సంచిలో పసుపు లేని ప్రయాణం నేనెరగను. వేశాం. చుక్కలు తగ్గినట్టే అనిపించింది.

ఇంకో కిటుకు కూడా అతనే చెప్పాడు, మూత సగం వదులు చెయ్యమని. ఒత్తిడి లేకపోతే నీళ్లు చిమ్మవు, నిజమే. కానీ ఒత్తిడి లేని నీళ్లు తొందరగా మరుగుతాయి. వెయ్యి మీటర్ల ఎత్తులో అయితే 97 డిగ్రీలకే. అంచేత రెండో గేరులో, ఎడ్లబండి మీద పోతున్నట్టు ఎక్కాం. ప్రతి నాలుగైదు మలుపులకీ ఓ ఆపు, కొండవాగు కనిపిస్తే ఓ డబ్బా.

అనంతగిరి కాఫీ తోటల మీదుగా ఏడెనిమిదిసార్లు వెళ్లానేమో, సిల్వర్ ఓక్ మానులకి అల్లుకున్న మిరియాల తీగెలని చేత్తో తడిమింది ఈసారే. పచ్చి మిరియం కొరికి మా చిన్నాడు ఉమ్మేశాడు. రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలు పెట్టుకు కూచున్నావిడ దగ్గర అమ్మ బేరమాడుతుంటే, ఇంజిన్ చల్లారడానికి సరిపోయే బేరం అనుకున్నాను. గాలికొండ దగ్గర పొగమంచు కమ్మింది. ఆ చలికి ముల్లు దానంతటదే కిందికి దిగింది.

అరకులో మెకానిక్ పెద్దాయన రేకు పెట్టె తీసి, రేడియేటర్ వంక కూడా చూడకుండా, వాటర్ పంపు కింద వేలు పెట్టి తడి చూపించాడు. "పంపు పోనాది బాబూ." పంపు ఇరుసు దగ్గర సీలు అరిగితే నీళ్లు బేరింగ్‌లోకి పోకుండా బయటికి వచ్చేందుకు చిన్న బెజ్జం ఉంటుంది. మా నీళ్లు అందులోంచే వస్తున్నాయి. ఫ్యాను బెల్టు వాటిని చుట్టూ చిమ్మితే, అవి చట్రం వెంట జారి రేడియేటర్ కింద రాలుతున్నాయి. పెంకుటింట్లో వాన కురిసేది ఒకచోట, లోపల కారేది ఇంకోచోట అన్నట్టు. పై పైపు పగుళ్లు నిజమే, కానీ అసలు దొంగ అది కాదు.

పెద్దాయనకి కోపం తెప్పించింది మాత్రం పసుపు. రేడియేటర్ గొట్టాలు సన్నగా ఉంటాయి, పసుపు ముద్ద కట్టి వాటినే మూసేస్తుందట. నీళ్లు పట్టి కడిగితే అరగంట సేపు పచ్చగానే వచ్చాయి. పంపు మర్నాడు విశాఖ బస్సులో పార్సిల్‌గా వచ్చింది. దిగేటప్పుడు మూత గట్టిగా బిగించి, ఎక్కడా ఆపకుండా ఎస్.కోట చేరాం.

పాత బండిలో ఘాట్ ఎక్కేవాళ్లు సైకిల్ ట్యూబు ముక్క, రెండు క్లిప్పులు, పది లీటర్ల నీళ్లు వెంట పెట్టుకోండి. పసుపు మాత్రం వంటకే ఉంచండి.